రావిచెట్టు మీద నూట ఇరవై

ఈ ఉదయం తార్నాకలో బస్సు కోసం నిలబడి ఉంటే గులాబీ గోరింకల గుంపొకటి గోలగోలగా నెత్తిమీదుగా పోయింది. పక్కనున్నాయన ఫోనులోంచి తలెత్తలేదు. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి.

ఎమ్మెస్సీలో మాకు పక్షుల వలస గురించి చెప్పిన మేడం కర్నూలు వైపు ఆవిడ. ఎండలు ముదిరేవేళకు ఈ గోరింకలు మధ్య ఆసియాకు తిరుగుముఖం పడతాయనీ, అవి ఏ రోజు వెళ్లాయో తెలియడమే ముఖ్యమనీ, చెట్టు ఖాళీగా ఉంటే సున్నా వేయాలనీ పదేపదే చెప్పేవారు. క్యాంపస్ చివర, మాణికేశ్వర్ నగర్ వైపు గోడ పక్కన ఒక రావిచెట్టు ఉండేది. తెల్లవారగానే దాని మీది గోరింకలను లెక్కపెట్టడం నా వంతు. మేడం పదేళ్లుగా విద్యార్థుల చేత రాయిస్తున్న నోటుబుక్కులో అంకె వేసి, దానికి ఎదురుగా, చూసినవాళ్ల పేరు రాయాలి. వారం రోజులు బుద్ధిగానే లేచాను. ఆ తర్వాత ఒకరోజు హాస్టల్ మంచం నన్ను వదల్లేదు. పదింటికి లేచి, ముందురోజు నూట ముప్పై ఉన్నాయి కదా అని నూట ఇరవై వేశాను. నిజంగా లెక్కపెట్టినట్టు ఉండాలని ఒక కొట్టివేత కూడా పెట్టాను.

మర్నాడు వెళితే చెట్టు మీద ఒక్క పిట్ట లేదు. సున్నా వేశాను. క్లాసులో మేడం నోటుబుక్కు చూసి, "అయితే నిన్ననే ఆఖరు. ఈ తేదీనే వ్యాసంలో రాసి పంపుతా. నిన్న కండ్లారా చూసినావా పాపా?" అన్నారు.

"చూశాను మేడం."

"సరే, పాండి, అందరం ఒకసారి చెట్టు కాడికి పోదాం."

దారి పొడవునా నా చెప్పుల చప్పుడే నాకు వినిపించింది. చెట్టు కింద ఊడ్చే ఆమె చీపురు ఆపి మేడంకు నమస్తే పెట్టింది. అడగకుండానే చెప్పింది.

"గా పిట్టలు పోయినయ్ మేడం. మొన్న పొద్దుమూకేదాక ఉండె. నిన్న పొద్దుగాల ఊడ్వనీకి వస్తే ఒక్కటి లేదు, చెట్టు కింద అంత సాఫ్ ఉన్నది."

మేడం నా వైపు తిరిగారు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే మళ్లీ అబద్ధమే చెప్పేదాన్నేమో.

"నిన్న నేను రాలేదు మేడం. నిద్రపోయాను."

పక్కనున్న స్నేహితురాలు ఒక అడుగు దూరం జరిగింది. మేడం నోటుబుక్కు నా చేతికే ఇచ్చి నూట ఇరవై కొట్టేయించి, దాని పక్కన సున్నా వేయించారు. తర్వాత ఊడ్చే ఆమెను పేరు అడిగారు. ఆమె ముఖం పాలిపోయింది.

"నా పేరెందుకు మేడం? నేనేం తప్పు చేసిన?"

"తప్పేం లేదమ్మా. చూసింది నువ్వు. పేరు నీదే ఉండాల."

నా పేరు కొట్టేసి, నా చేత్తోనే సున్నాకు ఎదురుగా ఆమె పేరు రాశాను. ఒక అక్షరం తప్పితే ఆమే నెమ్మదిగా మళ్లీ చెప్పింది.

ఆ తర్వాత ఎన్నో ఉదయాలు కళ్లారా చూశాను, చాలావరకు మర్చిపోయాను. నిద్రలో పోగొట్టుకున్న ఆ ఒక్క ఉదయం మాత్రం ఇన్నేళ్లయినా పాతబడలేదు.