పడమటి గోడ చెమ్మ

ఇది జరిగి రెండు వానాకాలాలు దాటాయి. అప్పట్లో నాకు అక్షరాలు రావు. ఎవరిచేతనైనా రాయిద్దామంటే చెప్పింది చెప్పినట్టు రాయరు, మధ్యలో ఒక దెయ్యాన్ని చేరుస్తారు. అందుకే నేర్చుకున్నాక నేనే రాస్తున్నాను. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు.

మాది గరివిడి దగ్గర పల్లె. మా అత్త పోయాక పాత మట్టిల్లు తీసేసి, అదే చోట ప్రభుత్వం మంజూరు చేసిన పక్కా ఇల్లు కట్టుకున్నాం. ఒక గది, వంటిల్లు. ఏడాది తిరక్కుండానే గదిలో పడమటి గోడకు చెమ్మ పట్టింది. నాలుగేళ్ల మనవరాలికి ఆయాసం మొదలైంది. పిల్లను చెమ్మ గదిలో పడుకోబెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో గది ఎక్కడిది?

గ్రామ సచివాలయంలో ఫిర్యాదు ఇస్తే ఇంజినీరు వచ్చాడు. స్లాబు మీద ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూశాడు. చుక్క కారలేదు. ఆ గోడలో పైపు కూడా లేదు.

"తలుపులేసుకుని అన్నం వండుతున్నారు, తడిబట్టలు లోపలే ఆరేస్తున్నారు. ఆ ఆవిరే గోడకు పడుతున్నాదమ్మా" అన్నాడు.

సరేనని పొయ్యి బయట పెట్టాను. వానలో గొడుగు పట్టుకుని వండాను. బట్టలు పక్కింట్లో ఆరేశాను. అయినా చెమ్మ వచ్చింది. అదీ శుక్రవారం తెల్లారేసరికి. సోమవారానికి ఆరిపోయేది. ఇంజినీరు సోమవారమే వచ్చేవాడు.

"గోడ ఎండిపోయున్నాది కదమ్మా, ఏటి రాయమంటారు?"

మూడోసారి బతిమాలి శుక్రవారం రప్పించాను. గోడ మీద చెయ్యి పెట్టి, తడి అంటిన అరచేతిని చూసుకున్నాడు. తర్వాత ఏదో రాసుకున్నాడు. ఏం రాశావంటే, ఆవిరే అన్నాడు.

ఆయన వెళ్లాక పక్కింటి అప్పలమ్మ వచ్చి చూసింది. అది మచ్చలా లేదు. నేల నుంచి నడుమెత్తు దాకా వరసగా వంపులు. పేడమట్టితో గోడ అలికితే పడే చేతి వరసల్లాగే ఉన్నాయి.

"ఒసే, వంపులు ఇటేపు తిరిగున్నాయేటే? పుర్రసేత్తో అలికినట్టున్నాది. మీ అత్తది పుర్రసెయ్యే కదా!"

"నోర్ముయ్యే. సిమెంటు గోడని ఎవులు అలుకుతారే?"

మా అత్తది ఎడమచేతి వాటమే. బతికున్నన్నాళ్లూ గురువారం సాయంత్రం పాతింటి పడమటి గోడ అలికేది. నేను అలికితే నచ్చేది కాదు, దాని మీదే మళ్లీ అలికేది.

తర్వాతి వారం పిల్లకు ఆయాసం ఎక్కువైంది. గురువారం సాయంత్రం గోడ ముందు నిలబడి పోట్లాడాను. "అత్తా, గుంటకి ఊపిరాడతం లేదు. నువ్వే అయితే ఆపు. నువ్వు కాకపోతే నాకు ఎర్రి ఎక్కినట్టే, అదీ నీవల్లే!"

తెల్లారి చూస్తే గోడ మళ్లీ తడి. అదే ఆఖరు. పై వారం నుంచి పొడిగానే ఉంది. పిల్ల ఆ గదిలోనే హాయిగా నిద్రపోతోంది. వానలు తగ్గాయి కదా అన్నాడు ఇంజినీరు. వానలు తగ్గలేదు. కారణం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

పోట్లాడిన మర్నాడు ఉదయం నేను చేసిన పని ఒక్కటే. ఆరు తట్టల ఎర్రమట్టి తెచ్చి, పెరట్లో మోకాలెత్తు గోడ పెట్టాను. పక్కన బకెట్లో పేడమట్టి కలిపి ఉంచాను. నేను మాత్రం అలకలేదు.