ప్లేటుకు లోపల బామ్మర్ది, బయట నేను

అది వైశాఖ మాసం, గురువారం, పొద్దున ఆరు గంటల పది నిమిషాలు. గడియారం చూసే చెబుతున్నాను. ఆఖరి ప్లేటును హైడ్రా క్రేను కొక్కేనికి తగిలించి నేల మీద నుంచి లేపిన క్షణం అది. గిద్దలూరుకు ఇవతల, రైలు పట్టాలకు కాస్త ఎడంగా, ఒక కంపెనీ వాళ్ళు నూనె నిల్వ చేసుకోవడానికి పెద్ద ట్యాంకు కట్టించుకుంటున్నారు. దాని మొదటి వరస ఆ రోజు మూయాలి.

ట్యాంకు కట్టడం చూడని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. నేల మీద గుండ్రంగా గీత గీసి, ఆ గీత మీద ఇనుప ప్లేట్లను ఒకదాని పక్కన ఒకటి నిలబెడతారు. గాదె చుట్టినట్టే అనుకోండి, కాకపోతే ఈ గాదెకు ఒక్కొక్క తడిక బొటనవేలంత మందం, మనిషి కంటే ఎత్తు, నిండుగా రాళ్ళు వేసిన బండి అంత బరువు. ముందే రోలర్లలో పెట్టి వంపు తిప్పి ఉంటారు. ప్లేటుకూ ప్లేటుకూ మధ్య సన్నటి సందు ఉండాలి. వెల్డింగు రాడ్డు సరిగ్గా దూరేంత సందు. అంతకంటే తక్కువైతే వెల్డింగు లోపలికి దిగదు, ఎక్కువైతే కారిపోతుంది. రెండు ప్లేట్ల ముఖాలు ఒకే మట్టంలో ఉండాలి. బొటనవేలు అడ్డంగా రాస్తే గోరుకు ఏమీ తగలకూడదు. నా పని అదే, ప్లేట్లను కలపడం. ఇరవై ఏళ్ళు పైబడి చేశాను. చేసినన్నాళ్ళూ ఇష్టంగానే చేశాను.

మిగతా ప్లేట్లను ఒక పక్క కలిపితే చాలు. ఆఖరిదాన్ని రెండు పక్కలా కలపాలి. అందుకని దాన్ని మిగిలిన ఖాళీకి కొలిచి కోస్తారు. ఇంకొకటి, మా వైపు వైశాఖపు ఎండ సంగతి తెలిసిందే. పొద్దెక్కితే ఇనుము సాగుతుంది, సందు మూసుకుంటుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడే ఆఖరి ప్లేటు కూర్చోబెట్టాలి. ఆ సంగతి ఇంజనీరుకూ తెలుసు, మేస్త్రీకీ తెలుసు, చివరకు టీ తెచ్చే ఆమెకు కూడా తెలుసు. ఆ రోజు ఆమె తెల్లవారకముందే ఫ్లాస్కుతో వచ్చింది.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకడు ట్యాంకు లోపల, ఒకడు బయట. మధ్యలో ప్లేటు. సుత్తులు మోగుతుంటే మాట వినపడదు కాబట్టి దెబ్బలతోనే మాట్లాడుకుంటాము. లోపలివాడు సుత్తితో ఒకసారి తడితే బిగించమని, రెండుసార్లు తడితే ఆపమని. ఎప్పుడూ నాకు జోడీగా లోపల ఉండేవాడు ఆ వారం హనుమంతునిపాడులో పెండ్లి ఉందని పోయాడు. మేస్త్రీ నా దగ్గరకొచ్చి, లోపల నా బామ్మర్దిని పెడుతున్నానన్నాడు.

నా బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. వాడికి పని నేర్పింది నేనే. పని మంచిదే వాడిది. అయితే రెండేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. మార్కాపురం పక్కన ఇంకో ట్యాంకు కట్టేటప్పుడు వాడు రెండు ప్లేట్లను కలిపి, ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉండగానే, కదలకుండా పట్టి ఉంచే వెల్డింగు టాకు వేయించాడు. నేను పదిమందిలో నిలబడి, కళ్ళు తెరుచుకునే చేశావా అని అడిగి, ఆ టాకులన్నీ కోయించాను. పొడుచుకొచ్చిన మాట నిజం. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. ఇంటికొచ్చి చెబితే నా భార్య, ఆ మాట వాడి చెవిలో చెప్పి ఉండొచ్చు కదా అంది. ప్లేటు పొడుచుకొచ్చింది పదిమందిలోనే కదా అన్నాను.

నా మీద కోపం వాడు అక్క మీద కూడా పెట్టుకున్నాడు. వాళ్ళది కొనకనమిట్ల దగ్గర పల్లె. పండక్కి పిలవడం మానేశాడు. మా అత్త మాత్రం బస్సెక్కి వచ్చి కూతుర్ని చూసిపోయేది. ఆ పల్లెలోనే వాడు కొత్త ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. పునాది తీశారని మా అత్త చెప్పిన వారానికి నా భార్య మార్కాపురం బజారులో ఇత్తడి గిన్నె ఒకటి కొనుక్కొచ్చింది. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. కొత్తింట్లో పాలు పొంగించేది ఆడబిడ్డే. ఇంటికి అక్కాచెల్లెలు ఉండగా వేరేవాళ్ళు పొయ్యి ముట్టిస్తే ఊరంతా అడుగుతుంది. గిన్నెకు పాత చీర గుడ్డ చుట్టి అటక మీద పెట్టింది. గోడలు లేచాయి, స్లాబు పడింది, సున్నం కూడా కొట్టారు. గృహప్రవేశం వచ్చే ఆదివారం అని మా అత్త ద్వారానే తెలిసింది. తమ్ముడు మాత్రం పిలవలేదు. ఆ గురువారం నాటికి నడుమ రెండు రోజులే ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆమె గిన్నెను దించి చింతపండుతో తోముతోంది. తోమి, మళ్ళీ గుడ్డ చుట్టి, మళ్ళీ పైన పెట్టింది.

ఇదంతా మా మేస్త్రీకి తెలుసు. ఆయనది గిద్దలూరే, సాయిబుల ఇల్లు, అందరం భాయ్ అనే పిలుస్తాం. వేరే మనిషిని పెట్టమంటే ఒప్పుకోలేదు.

"ఇయ్యాల లోపల నీ బామ్మర్దే. నచ్చకుంటే రెండు దిక్కులా నువ్వే ఉండు" అన్నాడు.

బామ్మర్ది నా వైపు చూడకుండా, మిగిలిన ఖాళీలోంచి లోపలికి నడిచాడు. వెనకాలే హైడ్రా ప్లేటును తెచ్చి ఆ ఖాళీలో దించింది. గీత మీద నిలబెట్టి తూకం గుండు వేలాడదీసి చూశాను. నిలువు బాగుంది. వాడు లోపల, నేను బయట అయిపోయాము. ఇక వాడు రావాలంటే నిచ్చెన వేసుకుని పైనుంచి దిగాల్సిందే.

ఎడమ పక్క సందు దెబ్బల మీదే కుదిరిపోయింది. వాడు తడతాడు, నేను ఇనుప చీలలను సుత్తితో లోపలికి కొడతాను, ప్లేటు వెంట్రుకవాసి జరుగుతుంది, వాడు రెండుసార్లు తడితే ఆపుతాను. ఇందులో మా కోపాలకు చోటు లేదు. వాడి దెబ్బ నాకు తెలుసు. పైనా కిందా రాడ్డు పెట్టి చూస్తే సరిగ్గా దూరింది. వెల్డరు వచ్చి టాకులు వేశాడు.

కుడి పక్కకు వచ్చేసరికి చిక్కొచ్చింది. కింద ఏ ప్లేటు పొడుచుకొచ్చి ఉందో, ఆఖరిదా పక్కదా, దెబ్బలతో చెప్పడానికి లేదు. నోటితోనే చెప్పాలి. వాడు నాతో చెప్పకుండా, లోపలినుంచి మేస్త్రీని పిలిచి, పక్క ప్లేటును కొంచెం లోపలికి నెట్టమని ఆయనకు చెప్పు భాయ్ అన్నాడు. నాకూ వాడికీ నడుమ ఉన్నది జానెడు కూడా కాదు. అయినా మేస్త్రీ నా వైపు తిరిగి, నెట్టాలంట అన్నాడు. నేను మేస్త్రీతో, ఎంత నెట్టాలో అడుగు భాయ్ అన్నాను. మేస్త్రీ అడిగాడు. వాడు చెప్పాడు. హైడ్రా డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతున్నాడు. ఇట్లా నాలుగైదు మాటలు అటూ ఇటూ మోశాక మేస్త్రీకి విసుగొచ్చింది.

"నేనేమన్నా మీకు పెండ్లి పెద్దనా, అటు మాట ఇటు మోయను? ఇద్దరి నడుమ ఉండేది బొటనవేలంత ఇనుము. నోరు తెరిస్తే వినపడతది" అని టీ తాగడానికి పోయాడు.

అప్పటికి ఎండ తూర్పున ఉన్న కొండగట్టు దిగి ట్యాంకు అంచు మీద పడుతోంది. ఇంజనీరు వచ్చి చేత్తో ప్లేటును తాకి, త్వరగా కానివ్వమని చెప్పి పోయాడు. కింద వైపు నా వేలితోనే చూసుకుని సరిచేసుకున్నాను. లోపలినుంచి రాడ్డు ముక్క ఒకటి సందులోంచి బయటికి పొడుచుకొచ్చింది. కింద బాగా దూరింది. మధ్యలోనూ దూరింది. ఆ తర్వాత వాడు లోపల స్టూలెక్కినట్టున్నాడు, పైన టక్ టక్ మని తగులుతోంది కానీ రాడ్డు బయటికి రావడం లేదు. కాసేపు ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ తర్వాత ట్యాంకు మొత్తం మోగేట్టు వాడి గొంతు లేచింది.

"ఈ ప్లేటు ఎవురు కోసినారు? కండ్లు తెరుచుకోనే కోసినారా?"

పక్కన మోగుతున్న గ్రైండరు ఆగింది. అందరూ నన్నే చూశారు. ఆ ప్లేటు కొలిచి గీత గీసింది, గ్యాసు కట్టరు పట్టుకుని కోసింది నేనని అందరికీ తెలుసు. రెండేళ్ళ నాడు నేను వాడిని ఏ మాట అన్నానో అందులో సగం మందికి తెలుసు. నేను స్టూలెక్కి నా చేతిలోని రాడ్డు పెట్టి చూశాను. నిజమే, దూరలేదు. పై భాగాన జానెడు మేర నేను కోసింది తక్కువై, ప్లేటు కొంచెం ఎక్కువగా మిగిలింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నాకేం బాధ.

"నేనే కోసినా. పైన ఎక్కువుంది. గ్రైండరు తీస్కరాండి" అన్నాను, వాడికంటే గట్టిగానే.

గ్రైండింగు చేసే అతను వచ్చి పట్టాడు. నిప్పురవ్వలు నా టోపీ మీద పడుతుంటే పక్కనే నిలబడ్డాను. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే బాగానే అనిపించింది. మాట సరైన మాట. నేను నేర్పిన వాడే పట్టుకున్నాడు. చెవిలో చెప్పి ఉంటే నాకు ఇంత బాగుండేది కాదు. ఈ సంగతి నా భార్యకు ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కదు.

గ్రైండరు ఆపాక మళ్ళీ లోపలినుంచి రాడ్డు వచ్చింది. ఈసారి సాఫీగా దూరి, నా వైపు బెత్తెడు బయటికి వచ్చింది. సందు ఒకే తీరుగా ఉందా లేదా చూద్దామని నేను కొస పట్టుకుని కిందికి జరపబోయాను. జరగలేదు. వాడు అవతలి కొస వదలడం లేదు.

"వదలరా" అన్నాను. అది రెండేళ్ళలో వాడితో నా మొదటి మాట.

"ఆదివారం పాలు పొంగిస్తాండాం బావా" అన్నాడు వాడు. ఈసారి గొంతు చిన్నది.

"నాకు చెప్తే ఏమొస్తది? పొంగించేది నేనా? మీ అక్కకు చెప్పు."

"అక్క వస్తదా?"

"ఆ మాట నన్నడుగుతావేంది? ఫోను లేదా నీకాడ?"

ఒక చేత్తో రాడ్డు అట్లాగే పట్టుకుని ఉన్నాడు, నాకు తెలుస్తూనే ఉంది. రెండో చేత్తో ఫోను తీసి స్పీకరు పెట్టినట్టున్నాడు. పైకప్పు లేని ట్యాంకు అది, గుండ్రటి ఇనుప గోడ. అందులో ఫోను మోగితే గుడిలో గంట కొట్టినట్టు ఉంది. నా భార్య ఎత్తింది. వాడు, అక్కా నేను, అన్నాడు. ఆమె పలకలేదు. ఆ పలకకపోవడం కూడా మా అందరికీ వినపడింది. వెల్డరు ముఖం మీద అద్దం పైకి ఎత్తి నిలబడ్డాడు. టీ తాగుతున్న మేస్త్రీ గ్లాసు పట్టుకునే దగ్గరకొచ్చాడు, వాచ్‌మన్ గేటు వదిలి వచ్చాడు. ఆదివారం కొత్తింట్లోకి పోతున్నామని, ఆమె వచ్చి పాలు పొంగించాలని వాడు ఒక్క గుక్కలో చెప్పాడు.

"మీ బావ ఏడున్నాడు?" అంది ఆమె.

"ఇదో, ప్లేటుకు అవతల ఉన్నాడు."

"నీతో మాట్లాడతాండాడా?"

"ఇప్పుడే అందర్లో అరిచినాను ఆయన మీద. ప్లేటు పైన ఎక్కువుంచి కోసినాడు."

"నిజమా?" అంది నా భార్య. ఆ గొంతులో అంత సంతోషం నేను ఆ మధ్య కాలంలో వినలేదు. తర్వాత గొంతు సర్దుకుని, ఫోనులో పిలిస్తే వచ్చే మనిషిని కానని, సాయంత్రం లోపల వాడి పెండ్లాన్ని పంపి బొట్టు పెట్టించి పిలవమని చెప్పింది. సరే అన్నాడు. గిన్నె సంగతి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

అప్పుడు రాడ్డు వదిలాడు. నేను పైనుంచి కింద వరకు జరిపి చూశాను. ఎక్కడా పట్టుకోలేదు. గోరు రాసి చూశాను, ఏమీ తగల్లేదు. లోపలినుంచి వాడి గోరు కూడా రాస్తున్న చప్పుడు వినపడింది. చూసుకుంటున్నాడు, మంచిదే. వెల్డరు అద్దం దించి పై టాకు వేశాడు. వరస మూతపడింది. వాడు నిచ్చెన మీదుగా ఇవతలకు దిగి, టీ గ్లాసు తీసుకుని నా పక్కనే కూర్చున్నాడు. నా కోతలో తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. గీత గీసేటప్పుడు తాడు పైన వదులైందని వాడంటాడు. కట్టరు మొన వాలుగా పట్టానని నేనంటాను. అది ఇంకా తేలలేదు.

సాయంత్రం వాడి పెండ్లాం వచ్చి నా భార్యకు బొట్టు పెట్టింది. ఆదివారం ఇత్తడి గిన్నెలో పాలు తూర్పు పక్కకు పొంగాయి.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మనవరాలి పక్కన కూర్చుని. వచ్చాక కూడా ఎక్కువ రాయలేదు. ఇది మాత్రం రాయాలనిపించింది. ఆ గురువారం పొద్దున అక్కడున్న వాళ్ళు వీళ్ళు: గిద్దలూరు మేస్త్రీ భాయ్. నవ్విన హైడ్రా డ్రైవరు. త్వరగా కానివ్వమన్న ఇంజనీరు. టాకులు వేసిన వెల్డరు. నా కోతను సరిచేసిన గ్రైండరు మనిషి. తెల్లవారకముందే వచ్చిన టీ ఆమె. గేటు వదిలి వినడానికి వచ్చిన వాచ్‌మన్. ప్లేటుకు లోపల నా బామ్మర్ది. బయట నేను. ఫోనులో నా భార్య. ఫోనులో ఉన్నామె ఉన్నట్టు లెక్క కాదని మేస్త్రీ అంటాడు కానీ, ఆ ట్యాంకులో అందరికంటే బాగా వినపడింది ఆమె గొంతే.