గాలిదారికి రోల్డుగోల్డు నునుపు

రాజకుమారి చేతికి ఏ లోహం దొరికినా మెరవకుండా వెనక్కి రాదని చిలకలపూడిలో అందరికీ తెలుసు. బందరుని ఆనుకుని ఉన్న ఈ చోట రోల్డుగోల్డు నగలు చెయ్యని వీధి లేదు. మోటారుకి బిగించిన గుడ్డ చక్రం మీద ఆ నగలకి మెరుగుపెట్టడం ఆవిడ పని. గొలుసులూ గాజులూ తోమి తోమి విసుగు పుట్టిన రోజున ఇంట్లో కుక్కర్ మూతనీ, పక్కింటి తలుపు గొళ్ళేన్నీ కూడా తళతళలాడించింది. ఆ కుక్కర్ మూతలో చూసుకుని మొగుడు గడ్డం గీసుకున్న సందర్భాలున్నాయి.

స్త్రీల ఓర్పు గురించి మనవాళ్ళు సభల్లో చాలా సేపు మాట్లాడతారు. రాజకుమారికి ఓర్పు లేదు. ఉన్నది పంతం. నునుపు తేల్చడానికి పంతం చాలు. అది ఆవిడకి తల్లి దేవమ్మ నుంచి వచ్చింది. 2006లో ఇంట్లో పడ్డ చిక్కు కూడా అక్కడినుంచే వచ్చింది.

దేవమ్మది నాగాయలంక అవతల, కరకట్టకి సముద్రం వైపున్న చేపలవాళ్ళ పల్లె. వీలు చిక్కినప్పుడల్లా ఎండురొయ్యల గంపలతో కూతురింటికి వచ్చి వారం రోజులు ఉండేది. ఉన్నన్నాళ్ళూ వీధరుగు మీద ఆవిడ మాటలు వినడానికి మెరుగు పనివాళ్ళంతా చేరేవాళ్ళు. అల్లుడు నాగేంద్రబాబుది గుడివాడ. బందరులో కార్ల రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. ఇద్దరు వాడి వదిలేసిన ఓ చిన్న కారు కొని, అత్తగారిని అందులో తీసుకురావడం మొదలుపెట్టాడు.

అక్కడే వచ్చింది తంటా. పల్లెలోంచి కట్ట మీది రోడ్డుకి ఎక్కే బాట నిటారుగా ఉంటుంది. కిందే మలుపు, పరుగు తీసి ఎక్కే వీల్లేదు. కూతురు హారిక, రాజకుమారి, దేవమ్మ, రెండు గంపలు, అన్నీ ఎక్కాక కారు సగం బాట దాకా వెళ్ళి ఉబ్బసం పట్టినట్టు రొప్పి ఆగిపోయేది. "అత్తయ్యా, కాస్త దిగి పైకి నడిచి రండి, పైన ఎక్కించుకుంటాను" అనేవాడు నాగేంద్రబాబు. రెండుసార్లు దిగింది దేవమ్మ. మూడోసారి, పంపు దగ్గర బిందె నింపుకుంటున్న వెంకాయమ్మ ఊరుకోలేదు.

"ఏమే దేవమ్మా, కారు కూడా తోడుగా పెట్టుకుని నడిచెళ్తున్నావా?"

దేవమ్మ బాట మధ్యలోంచే వెనక్కి తిరిగింది. గంపలు దింపించింది.

"అల్లుడూ, నన్ను దించకుండా ఈ కట్టెక్కించే రోజున కబురెట్టు. అప్పుడొస్తాను మీ ఇంటికి."

"బస్సుందిగదమ్మా" అంది రాజకుమారి.

"అల్లుడికి కారుండగా బస్సెందుకెక్కుతానే? గుడివాడోళ్ళకి ఎత్తంటే గడ్డివామే అని అప్పుడే అన్నాను మీ నాన్నతో, విన్నాడా?"

అది ఎండాకాలం. దసరా వెళ్ళిపోయింది. దేవమ్మ రాలేదు. వీధరుగు బోసిపోయింది. రోజూ రాత్రి అన్నాల దగ్గర రాజకుమారి మొగుడితో ఒకటే మాట అనేది: "కార్ల డాక్టరని బోర్డు పెట్టుకున్నారు. ఇంట్లో రోగిని చూసుకోరా?"

నాగేంద్రబాబు క్లచ్చి మార్చాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పితే అందులోంచి దోసెడు వరిపొట్టు రాలింది. అదీ మార్చాడు. ఖాళీ కారు కట్టని ఉత్సాహంగా ఎక్కింది. మనుషుల బదులు బియ్యం బస్తాలు వేసి చూస్తే మళ్ళీ అదే రొప్పు.

"ఇంక మిగిలింది గొంతే" అన్నాడు ఒక ఆదివారం, చేతిలో అల్యూమినియం గొట్టం ఒకటి పట్టుకుని. "థ్రాటిల్ బాడీ అంటారు. ఇంజను గాలి పీల్చేది దీంట్లోంచే. మధ్యలో ఈ ఇత్తడి రేకు చూశావా, బటర్‌ఫ్లై. ఎక్సిలేటర్ తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మద్రాసులో రేసు కార్ల షెడ్డులో పనిచేసినప్పుడు వీటిని లోపల నున్నగా చేసి, రేకు పట్టుకునే కడ్డీని సన్నం చేసేవాళ్ళం. గాలి సాఫీగా పోతుంది."

ఎమరీ కాగితంతో రుద్ది తెచ్చి గర్వంగా చూపించాడు. రాజకుమారి అందులో వేలు పెట్టి చూసి నవ్వింది. రోల్డుగోల్డు వీధుల్లో నగకి నునుపు తేలిందో లేదో కంటితో చూడరు. చీర చెంగు దాని మీద లాగి చూస్తారు. ఒక్క పోగు పట్టినా ఆ నగ మళ్ళీ చక్రం మీదికే. ఆవిడ చెంగు చివర గొట్టంలో దూర్చి లాగింది. రెండు పోగులు లోపలే ఉండిపోయాయి.

"ఈ గరుకులో బొద్దింక పాకినా మోకాళ్ళు పగులుతాయి. మీరు లేవండి."

గాజుల లోపలివైపుకి వాడే వేలంత చక్రం బిగించింది. గొట్టం లోపల అచ్చు పోసినప్పటి గీతలన్నీ పోయాయి. మూతి దగ్గరున్న మెట్టుని అరగదీసి సన్నాయి మూతిలా విప్పింది. కడ్డీని మొగుడు చెప్పినంత సన్నం చేసి, రేకుని బిగించే స్క్రూల తలలు పైకి లేవకుండా కడ్డీతో సమానంగా రాసింది. చివర్లో నగలకి చేసినట్టే కుంకుడు రసంలో కడిగి, పాత పంచె గుడ్డతో తుడిచింది. చెంగు లోపల జారింది, ఒక్క పోగు పట్టలేదు. నాగేంద్రబాబు కళ్ళకద్దుకున్నంత పని చేసి కారుకి బిగించాడు.

తాళం తిప్పగానే ఇంజను గావుకేక పెట్టింది. కాలు తియ్యగానే తగ్గాలి కదా, తగ్గలేదు. వేడెక్కితే సర్దుకుంటుందన్న ఆశతో కారుని వీధిలోకి తీశాడు. ఎక్సిలేటర్ మీద కాలు లేకుండానే అది కోనేరు సెంటరు దాకా పరిగెత్తింది. మనిషి రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి పట్టి, పళ్ళు బిగించి, ఎదురైన వాళ్ళందరికీ నవ్వుతూ తల ఊపుకుంటూ తిరిగొచ్చాడు. రాగానే గొట్టం విప్పి రేకు మీద వేలు పెట్టాడు.

"దీని అంచు ఏం చేశావే?"

"గుండ్రంగా తిప్పాను. అంత పదునుంటే గుచ్చుకోదూ?"

"ఎవరికి గుచ్చుకుంటుంది? ఇదేమైనా మెళ్ళో వేసుకుంటారా?"

రాజకుమారి రేకు అందుకుని అంచు చుట్టూ వేలు తిప్పి చూసింది. ఇన్నేళ్ళుగా ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాని అంచు చంపడం అలవాటు. ఆ అలవాటు లేని పనివాడిని చిలకలపూడిలో ఎవరూ పనిలో పెట్టుకోరు. కానీ ఇక్కడ ఆ పదునంచే గోడని ఆనుకుని గాలిని ఆపాలి. అంచు పోయింది, రేకు మూసుకున్నా చుట్టూ సందు. ఇంజను ఆ సందులోంచే కడుపునిండా పీలుస్తోంది.

"ముందే చెప్పొచ్చుగా" అంది చివరికి.

"నువ్వు లేవమన్నావు, లేచాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అదృష్టం. ఇలాంటి చోట నవ్వు రాని దంపతుల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు.

రాజకుమారి ఇత్తడి రేకుని గుండ్రంగా కోసి కొత్తది చేసింది. సందు అలాగే ఉంది. "ఇది గొట్టంలో నిలువుగా మూసుకోదే, కాస్త వాలి మూసుకుంటుంది" అన్నాడు నాగేంద్రబాబు, అరచేతిని ఏటవాలుగా పెట్టి చూపిస్తూ. ఆవిడ ఆ అరచేతి వంక కాసేపు చూసింది. లోలాకుల బిళ్ళల కోసం కడ్డీని ఏటవాలుగా కోస్తారు నగల పనివాళ్ళు. బిళ్ళ కోలగా వస్తుంది, అంచు కూడా దానంతటదే వాలుగా తెగుతుంది.

"గొట్టంలో పట్టేంత లావు ఇత్తడి కడ్డీ కావాలి" అంది.

బందరులో దొరకలేదు. నాగేంద్రబాబు గుడివాడ వెళ్ళి పాత సామాన్ల కొట్టు రామబ్రహ్మాన్ని అడిగాడు.

"దేనికిరా?"

"మా అత్తగారికి బాబాయ్. కరకట్ట ఎక్కాలి."

"చేతికర్ర చేయిస్తున్నావా? మంచి అల్లుడివిరా" అని రామబ్రహ్మం గుట్టలో వెతికి కడ్డీ తీసిచ్చాడు. నాగేంద్రబాబు కాదనలేదు.

రాజకుమారి ఆ కడ్డీలోంచి ఏటవాలుగా పలచటి ముక్క కోసింది. మెరుగు చక్రం ఈసారి ఆగే ఉంది. ముక్కని గొట్టంలో పెట్టి మూసి, పెరట్లో ఎండకేసి పట్టి చూశారు. చుట్టూ ఎక్కడా వెలుగు గీత లేదు. బిగించాక ఇంజను పిల్లిలా కూర్చుంది. కాలు వేస్తే లేచింది, తీస్తే కూర్చుంది.

పల్లెకి కబురు వెళ్ళింది. వాళ్ళు చేరేసరికి బాట పక్కన జనం ఉన్నారు. పడవ నడిపే యాకోబు మోకు చుట్ట భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"ఎందుకు బాబాయ్ ఆ మోకు?" అన్నాడు నాగేంద్రబాబు.

"ఊరికే. చేతులు ఖాళీగా ఉంటే తోచదు నాకు."

దేవమ్మ జరీ చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక రాజకుమారి, హారిక, ఎప్పటికంటే ఒకటెక్కువగా మూడు గంపలు. దేవమ్మ పరీక్ష పెట్టదలుచుకుంటే సగం సగం పెట్టదు.

మలుపు తిరిగి మొదటి గేరులో బాట ఎక్కారు. రాజకుమారికి రోడ్డు కనిపించలేదు, కళ్ళు మూసుకుంది. చెవులతోనే ఎక్కింది కట్టని. ఎప్పుడూ రొప్పే చోటు వచ్చింది. ఇంజను గొంతు బొంగురుపోయింది, కానీ తెగలేదు. కారు గుర్రమైపోయిందని నేను చెప్పను. ఎప్పుడూ ఊపిరందని చోట ఈసారి ఇంకో గుక్క పీల్చుకుంది, అంతే. ఆ గుక్క చాలింది. ముందు చక్రాలు తారు రోడ్డు తాకాయి. కింద పిల్లలు ఈలలేశారు. యాకోబు మోకు కింద పడేసి చప్పట్లు కొట్టాడు.

"అమ్మా, ఎక్కేశాం" అంది రాజకుమారి.

దేవమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి ఒకసారి, పంపు వైపు ఒకసారి చూసింది.

"అల్లుడూ, వెనక్కి దించు."

"ఏమైంది అత్తయ్యా?"

"వెంకాయమ్మ లేదక్కడ. చూడలేదు అది."

కారు వెనక్కి దిగింది. ఎవరో పరిగెత్తి వెళ్ళి వెంకాయమ్మని పిలుచుకొచ్చారు. ఆవిడ పిండి చేతులతో వచ్చి, బాటనీ కారునీ దేవమ్మనీ చూసి అంది, "బయటినుంచి చూస్తే ఏం తెలుస్తుంది? అందులో ఏ మాయ పెట్టారో."

"అయితే ఎక్కు" అంది దేవమ్మ, వెనక తలుపు చూపించి. "గంప ఒళ్ళో పెట్టుకో. చోటు సరిపోతుంది."

నాగేంద్రబాబు అద్దంలోంచి పెళ్ళాం వంక బెదురుగా చూశాడు. రాజకుమారి జరిగి వెంకాయమ్మకి చోటిచ్చి, చెంగు నడుముకి దోపుకుంది.

"పోనివ్వండి" అంది.