దీపం పెట్టాక ఉప్పు

వాగు పొంగుతోందన్న కబురు మొదట తెచ్చింది మా బట్టలుతికే అవ్వ. మానుకోటలో వాగొడ్డునే మా ఇల్లు, ముందుగదిలో కిరాణా కొట్టు. ఏటా వానాకాలం అదే భయం.

"ఉప్పు బస్తాలు మా గుడిసెకాడి గడ్డమీదికి మోయించుండ్రి, జల్ది!" అన్నది అవ్వ.

"దీపం పెట్టినంక ఉప్పు గడప దాటుతదా? లచ్చిమి పోదా?" అన్నది మా అత్తమ్మ.

ఆ బస్తాలే మా బతుకు. అయినా అత్తమ్మ మాట దాటలేక వాటిని కదపలేదు. చూస్తుండగానే నీళ్లు కొట్లోకొచ్చాయి, ఉప్పంతా కరిగి ఉత్త గోనెలు మిగిలాయి.

"లచ్చిమి ఈదుకుంట పోయింది, ఇగ మీరన్న నడువుండ్రి" అని అవ్వ మా పిల్లలను చంకనెత్తుకుంది. ఆమె గుడిసెలోనే తలదాచుకున్నాం.

మరుసటేడూ వాగొచ్చింది. వాగును ఆపడం మా వల్ల అయ్యే పని కాదు. మమ్మల్ని బతికించిన దేవుడికి దండం. మీరు దేవుడికి మొక్కేటప్పుడు ఆ అవ్వను కూడా ఒకసారి తలుచుకోండి.