తలుపు అవతలి గొంతు

"ఆ గొంతు ఎవరిది?" అని అడిగారు. "నాదే సార్" అన్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పు అది. పూర్తి అబద్ధమని కూడా అనలేను. నేను ఎడిట్ చేసి ఇచ్చిన ఫైల్లో ఉన్నది నా గొంతే. కానీ హాల్లో అందరం విన్నది నా గొంతు కాదని, ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు.

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించే రకం నేను. మా నాన్న ఎలక్ట్రీషియన్. ఇంట్లో ఏ వింత చప్పుడు వినిపించినా ముందు స్విచ్ బోర్డు చూసేవాడు, తర్వాత ఫ్యాన్ చూసేవాడు. నాకూ అదే అలవాటు. ఈ విషయంలో కూడా చూడాల్సినవన్నీ చూశాను. చూశాకే రాస్తున్నాను.

అప్పుడు నేను ద్వారకా నగర్‌లో ఒక ఫిల్మ్ కోర్సు చేస్తున్నాను. ఆఖరి ప్రాజెక్టుగా ఒక థ్రిల్లర్ సినిమా ఓపెనింగ్ తీయాలి. పూర్తి సినిమా అక్కర్లేదు. మొదటి సీను, దాని చివర టైటిల్, అంతే. మేం నలుగురం ఒక జట్టు. డైరెక్షన్, ఎడిటింగ్ నావి. కెమెరా, సౌండ్ రఫీవి. వాళ్ల నాన్నకు వన్ టౌన్‌లో టైలరింగ్ షాపు ఉంది. నటించేది సుధ. నాలుగోవాడు అప్పలనాయుడు, కూర్మన్నపాలెంలో ఉంటాడు. మొహం కనపడదు, గొంతు మాత్రమే ఇవ్వాలి. మా వైపు చుట్టరికం లేకపోయినా స్నేహితులం బావ అనే పిలుచుకుంటాం. నాయుడికీ నాకూ ఇంకో పిలుపు లేదు.

కథ చిన్నది. స్టీల్ ప్లాంటు క్వార్టర్లో ఒక భార్య ఒంటరిగా ఉంటుంది. భర్త షిఫ్ట్‌కి వెళ్లాడు. తలుపు చప్పుడవుతుంది. బయట భర్త గొంతు. ఆమె గడియ మీద చెయ్యి వేస్తుంది. అప్పుడే ఫోన్ మోగుతుంది. ఫోన్ చేసింది భర్తే. డబుల్ డ్యూటీ పడిందా, ఇంకా ప్లాంటులోనే ఉన్నావా అని ఆమె తిరిగి అడగడమే మనకు వినిపిస్తుంది. ఆమె చెయ్యి గడియ మీదే ఉంటుంది. టైటిల్.

నాయుడికి ఇది ప్రాజెక్టు మాత్రమే కాదు. వాడి కోరిక డబ్బింగ్ ఆర్టిస్టు కావాలని. అంతకుముందు ఒకచోటికి వెళ్తే "గొంతు బాగుంది, ఆ యాస వదిలించుకుని రా" అని పంపేశారు. ఆ సంగతి వాడు నాకొక్కడికే చెప్పుకున్నాడు. మా సినిమాలు వేసే రోజున ముఖ్య అతిథిగా వచ్చేది ఒక డబ్బింగ్ స్టూడియో ఆయన. కొత్త గొంతుల కోసం వెతుకుతున్నారని మా మాస్టారు ముందే చెప్పారు. అంటే మా సీనులో తలుపు అవతల పలికే ఆ ఒక్క డైలాగే నాయుడికి పరీక్ష.

షూటింగ్ ఉక్కునగరంలో మా పిన్ని వాళ్ల క్వార్టర్లో. వాళ్లు పెళ్లికి వెళ్తూ తాళాలు ఇచ్చారు. రాత్రి సీనునే మధ్యాహ్నం తీశాం. రఫీ వాళ్ల షాపు నుంచి నల్ల లైనింగ్ గుడ్డ తెచ్చి కిటికీలకు కొట్టాడు, బల్బుకు నీలం కాగితం చుట్టాడు. లోపల అర్ధరాత్రి, బయట మిట్టమధ్యాహ్నం. పక్క క్వార్టర్లో కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా టేక్ పోయేది. సుధ మాత్రం చక్కగా చేసింది. చెవితో నటించింది అనొచ్చు.

రిహార్సల్లో తలుపు అవతల నుంచి నాయుడు అన్నాడు: "నానే. తలుపు తియ్. ఆకలేస్తంది."

నేను రాసింది "నేనే. తలుపు తియ్యి" అని మాత్రమే.

నేను పగలబడి నవ్వాను. "దెయ్యానికి ఆకలేంటి బావా? టిఫిన్ పెట్టాలా?"

నాయుడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. "సిప్ట్ దిగొచ్చినోడు మరేటంటాడు బావ? గుడ్ ఈవినింగ్ అంటాడేటి?"

సుధ, రఫీ నవ్వారు. వాడూ నవ్వాడు. నేను అక్కడితో ఆపాల్సింది.

"ఇది థ్రిల్లర్. ఆ యాస వింటే హాల్లో కామెడీ అనుకుంటారు. కాస్త మనిషిలా మాట్లాడు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. రఫీ కెమెరా లెన్సు తుడవడం మొదలుపెట్టాడు.

నాకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా ఇంట్లోనూ నానూ, ఏటీ అనే అంటారు. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేస్తే, మొదటి వారంలోనే నా పేరు 'ఏటి' అయిపోయింది. సంవత్సరం తిరక్కుండా నాలుక దిద్దుకున్నాను. నన్ను ఏ మాటతో కొట్టారో, అదే మాటతో నేను నాయుణ్ణి కొట్టాను. కాకపోతే నన్ను కొట్టినవాళ్లు పరాయివాళ్లు.

నాయుడు బయటికెళ్లి నేను చెప్పినట్టే చెప్పాడు. "నేనే. తలుపు తియ్యి." ఎన్ని టేకులు తీసినా పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. చివరికి "వదిలెయ్, నేనే డబ్బింగ్ చెప్పుకుంటా" అన్నాను.

వాడు చెప్పులేసుకున్నాడు. "సరే బావ. వత్తాను మరి" అని బస్సు స్టాపు వైపు నడిచాడు.

ఇక్కడ రెండు విషయాలు స్పష్టంగా చెప్పాలి. రిహార్సల్ అప్పుడు రికార్డర్ ఆన్ చేయలేదు. కెమెరా కూడా ఆఫ్‌లోనే ఉంది. ఇక రికార్డ్ అయిన టేకుల్లో ఉన్నది "నేనే" మాత్రమే. వాటిని కూడా కార్డులో చోటు కోసం ఆ సాయంత్రం నేనే చెరిపేశాను. ఇంట్లో బీరువా తెరిచి, గది ప్రతిధ్వని రాకుండా దుప్పట్ల మధ్య మైకు పెట్టి, ఆ డైలాగు నా గొంతుతో రికార్డ్ చేశాను. డైలాగు తర్వాత సుధ కాసేపు అలాగే వింటూ నిలబడుతుంది. ఆ ఖాళీ ఎక్కువైందనిపించింది. కత్తిరించబోయి, ఆమె మొహం బాగుందని ఉంచేశాను.

సినిమాలు వేసింది ఉదయం పూట. మా సెమినార్ హాల్లో కర్టెన్లు సరిగ్గా మూసుకోవు, నేల మీద ఎండ చారలు పడుతూనే ఉన్నాయి. భయపడటానికి ఏమాత్రం అనువైన చోటు కాదు. నాయుడు రాలేదు. రమ్మని నేనూ ఫోన్ చేయలేదు.

మా ఫైలు నేనే ప్లే చేశాను. తలుపు చప్పుడైంది. సుధ తల తిప్పింది.

"నానే. తలుపు తియ్. ఆకలేస్తంది."

మెల్లగా, అలసటగా, ఇంటి మనిషి అన్నట్టే. స్పీకర్లు తెర పక్కన ఉన్నాయి. గొంతు మాత్రం హాలు వెనక నుంచి, ద్వారం వైపు నుంచి వచ్చింది. నేను ఎక్కువైందనుకున్న ఆ ఖాళీలో "ఆకలేస్తంది" అన్న మాట అమిరినట్టు సరిపోయింది.

ముందు వరసల్లో వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. ద్వారం దగ్గర కూర్చున్న అటెండర్ లేచి, మామూలుగా, ఎవరో వచ్చారనుకుని తలుపు తీశాడు. వరండా నిండా ఎండ. ఎవరూ లేరు. అదే సమయంలో తెర మీద సుధ చెయ్యి గడియ మీదికి వెళ్తోంది. హాల్లో ఎవరో "తియ్యకమ్మా" అన్నారు. ఫోన్ మోగింది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

టైటిల్ పడింది. తర్వాత చప్పట్లు. ఆగుతాయనుకుంటే ఆగలేదు. మళ్లీ వేయమన్నారు. సినిమా తీసేవాడు జీవితంలో కోరుకునే క్షణం ఏదైనా ఉందంటే అదే. నాకు భయం వేసింది, గర్వంగానూ ఉంది. రెండూ నిజమే.

అప్పుడే ఆ స్టూడియో ఆయన లేచి గొంతు ఎవరిదని అడిగారు. "నాదే సార్" అన్నాను. రఫీ నా వైపు చూశాడు. నేను చూడలేదు. మళ్లీ వేయమన్నారు కదా, వేయలేదు. ల్యాప్‌టాప్ ఆగిపోయిందని ఇంకో అబద్ధం చెప్పాను.

భోజనాల దగ్గర ఎంతమంది వచ్చి పలకరించారో. ఒకమ్మాయి అచ్చం వాళ్ల నాన్న గొంతేనంది. మా మాస్టారు వాళ్ల తాతగారిలా ఉందన్నారు. అటెండర్ అయితే వాళ్ల అన్నయ్యే వచ్చాడనుకున్నాడట.

అందరూ వెళ్లాక నేనూ రఫీ అదే హాల్లో, అవే స్పీకర్ల మీద ఫైలు వేశాం. "నేనే. తలుపు తియ్యి." నా గొంతు. బీరువాలోంచి వచ్చిన చప్పిడి గొంతు. తర్వాత ఖాళీ. ఇంకెన్నిసార్లు వేసినా అంతే.

"అందరం ఒకేసారి తప్పు విన్నామా?" అన్నాడు రఫీ.

అలా అనుకుంటే బాగానే ఉండేది. కానీ సుధ తనని తాను తెర మీద చూసుకోవాలని ఫోన్లో వీడియో తీసింది. అందులో ఉంది. "నానే. తలుపు తియ్. ఆకలేస్తంది." వెనకాల అటెండర్ తలుపు తీసిన కీచుమన్న చప్పుడుతో సహా.

రఫీ వీడియో ఆపి, "అది సరే. నాదే అన్నావేంటి?" అన్నాడు. నేను స్పీకర్ల వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆ వీడియో నా ఫోన్లో వేసుకుని కూర్మన్నపాలెం వెళ్లాను. నాయుడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. లోపల వాళ్లమ్మ చేపలు బాగు చేస్తోంది.

"ఏటి డైరెక్టరు గారు ఇలాగొచ్చేరు? కామెడీకి మనిసి కావలసొచ్చాడేటి?" అన్నాడు.

"తప్పు సేసాను బావ" అన్నాను. ఆ మాట ఆ యాసలో వచ్చిందని తర్వాత గానీ గమనించలేదు. అన్న మాటకు క్షమించమన్నాను. స్టూడియో ఆయనతో ఏం చెప్పానో కూడా చెప్పాను. వాడి మొహం మారింది. యాస గురించి అన్నదానికంటే అదే ఎక్కువ తగిలింది.

"నా గొంతు తీసీసావు, సరే. ఆయన అడిగినప్పుడు నా పేరు సెప్తే నీదేటి పోయింది?"

నేను వీడియో పెట్టాను. గొంతు వినిపించగానే వాళ్లమ్మ చేతులు తుడుచుకోకుండానే బయటికొచ్చింది. మేమిద్దరం గుమ్మానికి అడ్డంగా ఉన్నా, మమ్మల్ని దాటి వీధిలోకి చూసింది.

"ఎవుల్రా వచ్చినారు?"

"ఎవులూ లేరమ్మా. సినిమా" అన్నాడు నాయుడు. ఆమె కాసేపు అలాగే నిలబడి లోపలికి వెళ్లిపోయింది.

వాడు వీడియో మళ్లీ వేసి విన్నాడు. "నానన్నట్టుగే ఉంది గానీ, ఇది నా గొంతు కాదు బావ. మా అయ్య సిప్ట్ దిగొచ్చి రోజూ అదే అనీవోడు. అందుకే ఆ ముక్క కలిపేను. అయ్య పోయి సానా ఏళ్లయింది."  పద, స్టూడియోకి వెళ్దాం అన్నాను.

అక్కడి నుంచి ఇద్దరం స్టూడియోకి వెళ్లాం. రఫీనీ సుధనీ కూడా రమ్మన్నాను. వాడిని నవ్వులపాలు చేసింది వాళ్ల ముందే కదా. వాళ్లందరి ముందూ ఆయనతో చెప్పాను. "నిన్న నేను అబద్ధం చెప్పాను సార్. మీరు విన్న గొంతు నాది కాదు."

ఆయన నాయుడి వైపు చూశారు. "నీదా?"

"నాదీ కాదండి. కానీ నాను సెప్పగలను."

ఆయన కాస్త తికమకపడి, మైకు చూపించారు. నాయుడు రికార్డింగ్ గది అద్దం అవతలికి వెళ్లి, కళ్లు మూసుకుని ఆ డైలాగు చెప్పాడు.  ఆయన ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు, తర్వాత ఇంకొకటి. యాస మాట ఎత్తలేదు. వెళ్లేటప్పుడు, సోమవారం నుంచి రమ్మన్నారు. మెట్లు దిగుతూ నాయుడు, సుధ, రఫీ కేకలు పెట్టుకుంటుంటే, నా సినిమాకి చప్పట్లు కొట్టినప్పటికంటే ఎక్కువ సంతోషపడ్డాను.

సినిమాలోంచి నా గొంతు తీసేసి వాడి గొంతు పెట్టాను. వాడి పేరు టైటిల్స్‌లో నా పేరుకంటే ముందు వేశాను. కాలేజీల మధ్య పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది.

ఆ వీడియో గురించి నేను తెలుసుకోగలిగినదంతా ఇదే. సుధ ఫోను మార్చినా దాన్ని దాచింది. సౌండ్ ఇంజనీర్లకు వినిపించాను. హాలు వెనక నుంచి వచ్చినట్టే ఉందన్నారు. అక్కడ స్పీకర్ లేదు. ఇంతకంటే నాకు తెలియదు.

బహుమతి రోజు వేదిక మీదికి డైరెక్టర్‌ను పిలిచారు. నిండు హాలు. నేను నాయుణ్ణి వెంట తీసుకెళ్లి మైకు పట్టుకున్నాను. షూటింగ్‌లో వాణ్ణి మనిషిలా మాట్లాడమన్నది నేనేనని, ఆ గొంతు నాదేనని చెప్పుకున్నది కూడా నేనేనని చెప్పాను. విజయవాడ హాస్టల్ సంగతి కూడా మొదలుపెట్టాను.  వెనక నుంచి నాయుడు నా భుజం మీద చెయ్యేశాడు.

"సెప్పింది సాలు బావ. ఇంక దిగు."

హాలంతా నవ్వింది. నేను మైకు వాడి చేతికిచ్చి, దిగి కింద కూర్చున్నాను.