చప్పట్ల తన్ను

మార్కాపురంలో కరాటే నేర్పే ప్రసన్నకుమార్ గాలిలోకి ఎగిరి గిర్రున తిరిగి తన్నితే, ఎదురుగా పట్టుకున్న రాతిపలక రెండు ముక్కలయ్యేది. స్కూళ్ల వార్షికోత్సవాల్లో ఆ తన్ను చూసే తల్లిదండ్రులు తమ పిల్లల్ని ఆయన దగ్గర చేర్చేవారు. శిష్యులందరిలో అది బాగా పట్టుబడింది డిగ్రీ చదివే కెజియాకే.

ఒక సాయంత్రం పొదిలి బస్టాండులో తాగుబోతు ఒకడు కెజియా చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె విదిలించుకుని, నేర్చుకున్నట్టే గిర్రున తిరిగింది. చున్నీ కాళ్లకు చుట్టుకోవడంతో సిమెంటు నేల మీద పడి, మణికట్టు విరిగింది. జనం పోగయ్యేసరికి వాడు పారిపోయాడు.

మర్నాడు ప్రసన్నకుమార్ చూడటానికి వెళ్లాడు. చేతికి కట్టుతో మంచం మీద కూర్చున్న కెజియా, "నేనే సరిగ్గా తిరగలేదు సార్. మీ పేరు చెడగొట్టినాను," అంది.

ఆయనకు తలకొట్టేసినట్టయింది. చెయ్యి విడిపించుకున్న పిల్ల పరుగెత్తి ఉంటే సరిపోయేది. ఆ మాట ఆయన ఏనాడూ చెప్పలేదు. పరుగెత్తడం నేర్పితే చప్పట్లు ఎవరు కొడతారు?

"తప్పు నీది కాదమ్మా. అది స్టేజీ మీద చూసేదానికే బాగుంటాది. నిజం కొట్లాటలో నేను కూడా ఎప్పుడూ తన్నలేదు," అన్నాడు మెల్లగా.

కాఫీ తెచ్చిన తల్లి రాహేలు గ్లాసు అందించకుండా ఆగింది. "ఆ ముక్క ముందే చెప్పకూడదా సార్? బిడ్డ నమ్మింది గదా!"

ఆ వారం నుంచి క్లాసులో చెయ్యి విడిపించుకోవడం, గట్టిగా కేకవేయడం, పరుగెత్తడం నేర్పడం మొదలుపెట్టాడు. "ఏంది సార్, ఎగిరి తన్నేది మానేసినారా?" అని ఒక తండ్రి అడిగాడు. ప్రసన్నకుమార్ అతని ముఖం చూడలేక, దానివల్ల ఒక పిల్ల చెయ్యి విరిగిందని చెప్పాడు. తర్వాతి వారం సగం మంది రాలేదు.