ముందే పట్టుకున్న వాయిదా

మా ఫైనాన్షియర్‌కి ఆ కాలిక్యులేటర్ అంటే ప్రాణం. బావమరిది సింగపూర్ నుంచి తెచ్చాడట. ఫిలింనగర్‌లో అప్పటికింకా బండలు పేలుస్తూనే ఉన్నారు. ఆ దుమ్ము మా నెత్తిన పడితే పడనీ, దాని మీద పడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. బీకాం చదివి మధురానగర్ నుంచి బస్సులో పడొచ్చే నన్ను ఉద్యోగంలో పెట్టుకుందే దాని మీటలు నొక్కడానికి.

అప్పెంత, వడ్డీ ఎంత, నెల వాయిదా ఎంత, ఎన్ని నెలలు గడిచాయి, ఇవి నొక్కితే ఇంకా ఎంత బాకీ ఉందో అదే చెప్పేది. ఒక్క సంగతి మాత్రం మనమే దానికి చెప్పాలి: వాయిదా నెల మొదట్లో కడుతున్నారా, చివర్లోనా అని. మొదట్లో అయితే తెర మీద చిన్న అక్షరాల్లో 'బిగిన్' అని కనిపిస్తుంది. మా ఆఫీసులో అది ఎప్పుడూ కనిపించలేదు.

కనిపించాలి కదా మరి! సినిమా అప్పుల్లో మొదటి వాయిదా ముందే పట్టుకుని ఇస్తారు. పది లక్షలకు సంతకం పెడితే చేతికొచ్చేది తొమ్మిదిన్నరే. అలా పట్టుకున్న యాభై వేలు కూడా నెల గడిచాక కట్టినట్టు లెక్కేయించేవాడు ఆ మహానుభావుడు. తర్వాత వాయిదాలన్నీ అంతే. అడిగితే, "నువ్వు మీటలు నొక్కమ్మా, చాలు," అని పళ్ళికిలించేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయేది.

అలా అప్పు తీసుకున్న వాళ్ళలో ఒక నిర్మాత ఉండేవాడు. నైజాం జిల్లాల్లో సినిమా డబ్బాలు మోసి, పంపిణీదారుడై, చివరికి సొంతంగా సినిమా తీసినవాడు. పది లక్షల అప్పు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. రెండేళ్ళపాటు ఒక్క వాయిదా తప్పలేదు. తెల్లారితే విడుదల. బాకీ తీరిందని మా ఆఫీసు లెటరిస్తేనే ల్యాబ్ ప్రింట్లు బయటికి వదులుతుంది. కారు అమ్మేసి, రెండు లక్షల డెబ్భై అయిదు వేలు సంచిలో పెట్టుకుని ఆటోలో వచ్చాడు.

మా వాడు కాలిక్యులేటర్ ఆయన వైపు తిప్పి పెట్టించాడు. నొక్కాను. మూడు లక్షల పదకొండు వేల పైచిలుకు!

"ముప్పై ఆరు వేలు తక్కువండీ," అన్నాడు తాపీగా కాఫీ చప్పరిస్తూ. ఆయనకు కాఫీ ఇవ్వమనలేదు.

నాకిక ఆగలేదు. "సార్, మొదటి వాయిదా ముందే పట్టుకున్నాం కదా. బిగిన్‌లో పెట్టి నొక్కితే..."

మా వాడు మాట్లాడకముందే ఆ పెద్దమనిషే నా మీద కయ్యిమన్నాడు. "జర ఊకో బిడ్డా! మిషన్ అబద్ధమాడ్తదా? ఆడపిల్లను అడ్డం పెట్టుకొని బేరమాడిండు అనిపించుకోవాల్నా నేను?"

"విన్నావుగా? వెళ్ళి లెటర్ టైప్ చెయ్," అన్నాడు మా వాడు.

చేశాను. ఆ ముప్పై ఆరు వేలకు బదులు నైజాం పంపిణీ హక్కులన్నీ మా వాడి పేరున రాసిచ్చాడు ఆయన. సినిమా ఆడింది. అయ్యో, ఎంత ఆడిందనుకున్నారు! నైజాంలో వచ్చిన డబ్బుతో మా వాడు జూబ్లీహిల్స్‌లో స్థలం కొన్నాడు. మాకందరికీ మైసూర్‌పాకులు పంచాడు. నాది సొరుగులోనే ఉండిపోయింది.

కొన్నేళ్ళకు నేను శ్రీనగర్ కాలనీలో ఒక ఆడిటర్ దగ్గర చేరాను. ఒక మధ్యాహ్నం ఆ నిర్మాత నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చేతిలో అచ్చం అలాంటి కాలిక్యులేటరే.

"మళ్ళ అప్పు జేస్తున్న బిడ్డా. ఈసారి లెక్క నేనే జూసుకుంట. జర నేర్పియ్యి."

నేర్పాను. ఏ లెక్క వేద్దామంటే, పాత లెక్కే వేద్దామన్నాడు. అంకెలన్నీ ఆయనకు కంఠతా ఉన్నాయి. ఒక్కో మీటా తనే నొక్కాడు. "మొదటి వాయిదా ముందే కట్టారు కదా, ఇది కూడా నొక్కండి," అన్నాను. బిగిన్ అని వచ్చింది. తర్వాత బాకీ వచ్చింది: రెండు లక్షల అరవై వేలకు కాస్త తక్కువ.

కాలిక్యులేటర్ నా వైపు తిప్పి పెట్టాడు.

"అంటే, ఆనాడు నా సంచిల పైసలు సరిపోయినయా?"

"ఇంకో పదిహేను వేలు మిగిలేవండీ."

తలెత్తి నా మొహంలోకి చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మరి గప్పుడే ఎందుకు జెప్పలేదు బిడ్డా?"